కత్తెర కావలసిన గ్రుడ్డివాడు

పిల్లల నోట తరచుగా వినబడు పొడుపు ప్రశ్న ఒకటి కలదు. ఒక మూగవాడు ఇనుప సామాను కొట్టునకు వెళ్లెను. అతనికి మేకులు కావలెను. ఎడమచేతి వ్రేళ్లు రెండు బల్లమీద ఆనించి, కుడిచేతి పిడికిలితో వాటిమీద కొట్టినట్లు చూపెను. కొట్టు యజమాని సుత్తి తెచ్చి యిచ్చెను. మూగవాడు కాదని తల అడ్డముగా ఊపి, ఆనించిన వ్రేళ్లనే మరల చూపెను. అప్పుడు యజమాని సంగతి గ్రహించి మేకులు తూచి యిచ్చెను. అతడు వెళ్లిన వెంటనే ఒక గ్రుడ్డివాడు ఆ కొట్టునకే వచ్చెను. అతనికి కత్తెర కావలెను. దానిని అతడు ఎట్లు అడిగెను?

వినినవారిలో పదిమందికి తొమ్మిదిమంది వెంటనే చెయ్యెత్తి, రెండు వ్రేళ్లను కత్తెర రెక్కలవలె తెరచుచు మూయుచు చూపుదురు. చదువుకొన్నవారును చూపుదురు. ఇంతలో ఏ చిన్నపిల్లయో, "నోటితోనే అడుగుతాడు గదా, వాడు మూగవాడు కాడుగా" అనును. అందరు నవ్వి ఊరకుందురు.

ఈ నవ్వును మనము కొంచెము నిలిపి చూడవలసియున్నది. మొదటివానికి లేనిదానిని రెండవవానికి కూడ లేకుండ చేసినది ఎవరు? మనమే. మూగవాని మౌనమును తీసికొనిపోయి గ్రుడ్డివాని నోటికి కట్టితిమి. లోపముగల మనిషి అను ఒక్క గంపలో ఇద్దరిని పడవేసి, ఎవనికి ఏమి మిగిలియున్నదో లెక్కింపక పోతిమి. కొట్టు యజమానిని గూర్చి యెవరును తలంపనే తలంపరు. అతడు మొదట పొరపాటు పడెను. మేకులు అడుగగా సుత్తి తెచ్చెను. అయినను నీ సైగలు నాకు తెలియవు, పొమ్మని అనలేదు. బేరము పోవునను భయముచేతనే కానిండు, రెండవమారు చూచెను. ఆ రెండవమారు చూచుటలోనే మేకుల సంగతి తేలినది.

ఈ పొడుపు ప్రశ్న సువార్తలోనే ఒకచోట జరిగియున్నది. లూకా మొదటి అధ్యాయము తీసి చూడుడి. యాజకుడైన జెకర్యా దూత మాట నమ్మనందున మాటలాడ లేకుండెను. బిడ్డ పుట్టిన యెనిమిదవ దినమున బంధువులు కూడి, ఆ శిశువునకు తండ్రి పేరే పెట్టవలెనని పట్టుబట్టిరి. తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడు వారు తండ్రివైపు తిరిగి, ఏ పేరు కోరుచున్నాడో సైగలతో అడిగిరని 62వ వచనము చెప్పుచున్నది. దూత జెకర్యా నోటిని మూసెను గాని, చెవులను గూర్చి ఏమియు చెప్పలేదు. మరి సైగలేల? 22వ వచనమున లూకా వాడిన 'కోఫోస్' అను గ్రీకు మాట మూగవానికిని చెవిటివానికిని చెల్లును గనుక, అతని వినికిడియు పోయినదని కొందరు పండితులు చెప్పుదురు. అదియే నిజము కావచ్చును. కాని మన ఊళ్లలోని బంధువులను ఎరిగినవారికి రెండవ సంగతియు నమ్మశక్యము కానిది కాదు. నోరు లేనివానితో మాటలాడునప్పుడు మన నోరును మూతపడుట, లేదా అతని చెవిలో కేకలు వేయుట మనము ప్రతిదినము చూచుచున్నదే. జెకర్యా మాత్రము తనకు మిగిలియున్నదేదో ఎరిగియుండెను. పలక తెమ్మని అడిగి, కుమారుని పేరు వ్రాసెను.

ఇదంతయు ఇప్పుడేల వ్రాయుచున్నామని చదువరులు అడుగవచ్చును. మా సంఘములలో ఒకదానిలో 22 ఏండ్ల సహోదరి ఒకతె బాప్తిస్మము కోరుచున్నది. పుట్టుకతోనే ఆమెకు వినికిడి లేదు. వినని మాట పలుకుట దానంతట అది రాదు గనుక మాటయు లేదు. బడికి పోలేదు, అక్షరములు రావు. తల్లితోను, తోడి కూలీలతోను చేతి సైగలతో సమస్తమును చెప్పుకొనగలదు. కూలి లెక్కలో ఆమెను మోసగించుట ఎవరివల్లను కాదు. ఆదివారమని చెప్పవలెనన్న భుజముమీద తెల్లని కండువా వేసికొన్నట్లు చూపును. యేసు ప్రభువును చెప్పవలెనన్న ఒక చేతి వ్రేలికొనతో రెండవ అరచేతి నడుమ నొక్కి, పిమ్మట చేయి మార్చి అట్లే చేయును. గుడిగోడకు వ్రేలాడు సిలువ పటమును చూచి ఆమె కల్పించుకొన్న గురుతు అది. అనేక దేశముల బధిరులు ప్రభువు నామమును సరిగా ఇట్లే చూపుదురు. ఆమెకు ఆ దేశముల సంగతి తెలియదు.

సంఘపు పెద్దలు ఆమెను ప్రేమించనివారు కారు. వారిలో వృద్ధుడైన ఒకాయన మాతో చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, ఆ బిడ్డ మంచిదే. కాదనేవారు ఎవరూ లేరు. కాని నోటితో ఒప్పుకోకుండా ఎట్లా ముంచుతారు? అర్థమై చేస్తున్నదో, మనలను చూచి చేస్తున్నదో ఎట్లా తెలుస్తుంది?" ఇవి రెండు ప్రశ్నలు. రెండును న్యాయమైనవే. వీటిని కరుణ అను ఒక్క మాటతో తోసివేయుట సత్యమునకు అవమానము. ఆమెకును అవమానమే. జాలిపడి ఇచ్చిన బాప్తిస్మము ఆమె అడుగలేదు.

మొదటి ప్రశ్న రోమా పత్రిక 10వ అధ్యాయము నుండి వచ్చినది. అక్కడ అపొస్తలుడు నోటి ఒప్పుకోలును హృదయ విశ్వాసమును జోడించుచున్నాడు. 17వ వచనమున విశ్వాసమునకు వినికిడియే ద్వారమని బోధించుచున్నాడు. ఇక్కడ పుస్తకము మూసివేసినయెడల చెవిలేనివారికి ద్వారము మూసినట్లే. కాని పుస్తకము మూయకుడి, ఒక్క వచనము ముందుకు పొండి. వారు వినలేదా అని పౌలు తానే ప్రశ్న వేసికొని, విన్నారని సాక్ష్యము చూపుటకు 19వ కీర్తనను ఎత్తుచున్నాడు. ఏ కీర్తన అది? ఆకాశములు దేవుని మహిమను చాటుచున్నవని పాడు కీర్తన. వాటికి పలుకు లేదనియు, వాటి శబ్దము చెవికి తగులదనియు, అయినను వాటి సందేశము భూమి కొనల వరకు చేరినదనియు దావీదు అందులో చెప్పుచున్నాడు. వినికిడిని గూర్చిన మాట చెప్పిన వెంటనే పౌలు స్వరము లేని సాక్షులను పిలిచెను! కనుక వినుట అనగా చెవి గూబకు శబ్దము తగులుట మాత్రమేయని ఆయన తలంచినట్లు మాకు తోచదు. సందేశము మనిషిని చేరుటయే వినుట. మనిషి దానికి లోబడి బయలుపరచుటయే ఒప్పుకోలు. నోరున్నవారు నోటితో బయలుపరతురు. నోరు తెరచి అబద్ధముగా ఒప్పుకొనువారు మన రిజిస్టర్లలో లేరా?

ఈ వాదము మాతో పుట్టినది కాదు. మార్టిన్ లూథరు 1520లో ప్రభు భోజనమును గూర్చి వ్రాసిన గ్రంథమున, చెవిటి మూగవారికి రొట్టెను ద్రాక్షారసమును ఇయ్యవచ్చునా అను సంగతి యెత్తి, బుద్ధి తెలిసినవారై, భక్తితో కోరుచున్నారని నిశ్చయమైన గురుతులవలన తెలియునప్పుడు నిరాకరింపరాదని చెప్పెను. తాను అట్టివారిని చూచితిననియు వ్రాసెను. లోపల జరుగునది పరిశుద్ధాత్ముని పని గనుక దానిని ఆయనకే విడువుమనెను. మన పితరులలో ఇంత స్పష్టముగా చెప్పినవాడుండగా, ఐదు వందల సంవత్సరముల తరువాతను ఆ ప్రశ్నయొద్దనే మనము తడుముకొనుట వింతయే.

ఫ్రాన్సు దేశమున 18వ శతాబ్దములో లెపే అను గురువు ఉండెను. పారిసు నగరమున చెవిటి అక్కచెల్లెండ్రు ఇద్దరిని ఆయన చూచెను. వారికి పటములు చూపి దేవుని సంగతులు నేర్పుచుండిన ఒక గురువు అంతకుముందే మరణించెను. ఈ పిల్లలు దేవుని ఎరుగకయే చనిపోవుదురేమో అను భయముతో లెపే ఆ పని తాను తీసికొనెను. 1760 ప్రాంతమున తన యింటనే బడి తెరచెను. ఆయన కనుగొన్నది ఏమనగా, వీరికి భాష లేకపోలేదు, చేతుల భాష యున్నది, ముందుగా తానే దానిని నేర్చుకొనవలెను. తరువాత ఫ్రెంచి వ్యాకరణమంతటికిని తానే గురుతులు కల్పించి వారి భాషకు తగిలించెను గాని, ఆ బరువు ఎంతో కాలము నిలువలేదు. వారి సహజమైన సైగలే నిలిచినవి. గురువులకు ఈ చాపల్యము ఎప్పుడును కలదు.

అంతకంటె విచారకరమైన సంగతి 1880లో ఇటలీలోని మిలాను పట్టణమున జరిగినది. బధిరులకు చదువు చెప్పు ఉపాధ్యాయులు అక్కడ సభ కూడి, బడులలో సైగలు మాని పెదవుల కదలికను చూచుట, నోటితో పలుకుట మాత్రమే నేర్పవలెనని తీర్మానించిరి. ఓటు వేసినవారిలో దాదాపు అందరును వినగలవారే. ఆ తీర్మానము ననుసరించి అనేక దేశములలో పిల్లలు చేతులు కదపకుండ కూర్చుండవలసివచ్చెను. అట్టి సభయే 2010లో వాంకూవరు నగరమున కూడినప్పుడు ఆ తీర్మానమును త్రోసిపుచ్చి విచారము తెలిపెను. నూట ముప్పది సంవత్సరములు! కత్తెర కావలసిన గ్రుడ్డివానిచేత మనము సైగలు చేయించితిమి. ఇక్కడ చేతులున్నవారిని చేతులు కట్టుకొని నోటితోనే అడుగుమనిరి. పొరపాటు ఒక్కటే.

పెద్దగారి రెండవ ప్రశ్న మరింత లోతైనది. అర్థమై చేయుచున్నదో, చూచి చేయుచున్నదో ఎట్లు తెలియును? దీనికి లారా బ్రిడ్జిమన్ అను బాలిక చరిత్ర కొంత వెలుగిచ్చును. ఆమె 1829లో అమెరికాలో పుట్టెను. రెండవ యేట జ్వరము వచ్చి చూపును వినికిడియు రెండును పోయెను. పొడుపు ప్రశ్నలోని ఇద్దరు మనుష్యుల లోపములును ఒక్క పిల్లలో కూడినవని చెప్పవచ్చును. ఎనిమిదేండ్లు నిండకముందే, 1837లో, ఆమెను బోస్టనులోని అంధుల పాఠశాలకు తెచ్చిరి. అక్కడి డాక్టరు హౌ అనునతడు చెంచా, తాళపుచెవి, కత్తి మొదలైనవాటికి ఉబ్బెత్తు అక్షరముల చీటీలు అంటించి ఆమె వ్రేళ్లకు తగిలించెను. కొన్నాళ్లకు చీటీలను విడదీసి యిచ్చినను ఏ చీటీ ఏ వస్తువుదో ఆమె సరిగా పెట్టసాగెను. చూచినవారికి అది అర్థమై చేసినట్లే యుండును. కాని ఇది అనుకరణ మాత్రమే, తెలివిగల జంతువు నేర్చిన పనివంటిదేయని హౌ తానే ఎరిగియుండెను. ఎరిగియు మానలేదు. వారముల తరబడి అదే పని చేయించెను. ఒకనాడు ఆమె ముఖము మారెను. తన మనస్సులోని దానిని గురుతుగా చేసి మరియొక మనస్సునకు పంపవచ్చునని ఆమెకు తెలిసిన క్షణము అది. అటు తరువాత ప్రశ్నలకు అంతు లేకపోయెను.

గనుక అనుకరణ వేరు, అర్థము వేరు అనుట నిజమే. ఆ తేడాను కనిపెట్టు ఉపాయము మాత్రము ఒక్కటే. ఎదుటివారు తమంతట తాము అడుగు ప్రశ్నకొరకు కనిపెట్టియుండవలెను. విశ్వాస ప్రమాణము మొదటినుండి చివరవరకు తడుముకొనక అప్పగించు అభ్యర్థులను మనము ఎంతమందిని చూడలేదు! వారిలో ఎందరు మనలను ఒక్క ప్రశ్న అడిగిరి? లారా అడిగెను. ఆమె మనస్సు పరిపక్వమగువరకు సిద్ధాంతములు చెప్పవద్దని హౌ కోరియుండగా, అతడు దేశాంతరము వెళ్లిన కాలమున ఇతరులు ఆమెకు తమ బోధ చెప్పిరి. అతడు తిరిగివచ్చి కోపించెను. వాదము పెద్దలది, ప్రశ్నలు ఆ బాలికవి. తరువాతి కాలమున ఆమె బాప్తిస్మము పొందెను. ఆమె వృద్ధురాలై ఆ పాఠశాలలోనే నివసించుచుండగా, అక్కడ చదివిన యాన్ సల్లివన్ అను యువతి ఆమెయొద్ద వ్రేళ్లతో అక్షరములు పలుకుట నేర్చుకొని, 1887లో హెలెన్ కెల్లరు అను చిన్నదాని అరచేతిలో వాటిని వ్రాసెను. ఆ కథ అందరికి తెలిసినదే. అది మొదటి చేతినుండి కాదు, రెండవ చేతినుండి వచ్చినదని కొందరికే తెలియును.

ఇక మార్కు సువార్త 7వ అధ్యాయము చివరి భాగమునకు వత్తము. దెకపొలి ప్రాంతమున చెవుడును నత్తియుగల ఒకనిని జనులు ప్రభువునొద్దకు తెచ్చిరి. అతనిమీద చెయ్యి ఉంచుమని మాత్రమే వారు వేడుకొనిరి. ప్రభువు ఒక్క మాటతో బాగుచేయగలవాడు. శతాధిపతి దాసుని చూడకయే బాగుచేసెను గదా! ఇక్కడ ఆయన చేసిన పనులను వరుసగా చూడుడి. మొదట అతనిని గుంపులోనుండి ఏకాంతమునకు తీసికొనిపోయెను. వంద నోళ్లు ఒక్కసారి కదలుచున్న గుంపు చెవిటివానికి ఎంత గందరగోళమో, వానితో కూర్చున్నవారికే తెలియును. తరువాత అతని చెవులలో తన వ్రేళ్లు పెట్టెను. తరువాత ఉమ్మివేసి అతని నాలుక ముట్టెను. తరువాత ఆకాశమువైపు కన్నులెత్తెను. తరువాత నిట్టూర్పు విడిచెను. ఆ నిట్టూర్పు శబ్దము అతనికి వినబడలేదు, కాని రొమ్ము పొంగి దిగుట అతని కన్నులకు కనబడియుండును. నీ బాధ ఇక్కడ నున్నది, ఇక్కడ నున్నది, సహాయము అక్కడనుండి వచ్చును, నీ బాధ నాకును బాధయే. ఇంతయు చేతులతో ముఖముతో చెప్పిన తరువాతనే ఎప్ఫతా అను ఒక్క మాట వెలువడినది.

దీనిని చదివి కొందరు, ప్రభువు చెవులు తెరచెను గనుక మనమును స్వస్థతకై ప్రార్థింపవలెను గాని సైగలు నేర్చుకొనుట దేనికి అని అడిగిరి. ప్రార్థింపవలెను. కాని వరుస మరచిపోరాదు. ఆయన సైగ చేసినది చెవులు తెరవబడిన మనిషితో కాదు, ఇంకను చెవిటివాడుగా నున్న మనిషితో. బాగైన తరువాత నాయొద్దకు రమ్మని చెప్పలేదు. లేవీయకాండము 19వ అధ్యాయము 14వ వచనము చెవిటివానిని తిట్టకూడదనియు, గ్రుడ్డివాని దారిలో అడ్డు వేయకూడదనియు ఒక్కచోటనే ఆజ్ఞాపించి, దానికి దేవుని భయమునే కారణముగా చూపుచున్నది. చెవిటివానికి తిట్టు వినబడదు, గ్రుడ్డివానికి అడ్డు వేసినవాడు కనబడడు. సాక్షి దేవుడొక్కడే.

2011 జనాభా లెక్కలలో మన దేశమున వినికిడి లోపముగలవారు సుమారు 50 లక్షలని తేలినది. పాళయంకోటలో మిషను స్త్రీలు 19వ శతాబ్దపు చివరి యేండ్లలోనే బధిర బాలురకు బడి నడిపిరి. కాని ఆనాటినుండి నేటివరకు ఆ పని బడి గోడలలోనే నిలిచి, మన ఆదివారపు ఆరాధనలోనికి రాలేదని చెప్పక తప్పదు. భారతీయ సంజ్ఞా భాషకు నిఘంటువు 2018లో వెలువడినది. 2021 నాటికి అందులో 10,000 మాటలు చేరినవి. వాటిని వీడియోలలో ఫోనులోనే చూచి నేర్చుకొనవచ్చును. సంఘమున ముగ్గురు స్త్రీలును ఒక యువకుడును సాయంకాలములందు ఈ పని పట్టిరి. వారు నేర్చినది ఆ సహోదరికి నేర్పుచు, ఆమె ఇంటి సైగలను ఆమెయొద్ద నేర్చుకొనుచున్నారు. ఆమె వారి తప్పులకు పగలబడి నవ్వునని విన్నాము.

గత నెలలో పెద్దల కూటమున ఆమెను పరీక్షించితిమి. తల్లి ప్రక్కన కూర్చుండి మాకు చెప్పుచుండెను. సిలువ సంగతి, సమాధి సంగతి, మూడవ దినపు సంగతి ఆమె చేతులతో చెప్పెను. రాయి దొర్లుట చూపినప్పుడు భుజములతో త్రోసినట్లు త్రోసెను. ఇది పటమును చూచి నేర్చినదేమోనని మరల సందేహము వచ్చెను. అప్పుడు ఆమె, ఎవరును అడుగకయే, మొదట ప్రశ్న వేసిన ఆ వృద్ధునివైపు చూపి, తన అరచేతిని నొక్కి, కనుబొమలు ఎత్తెను. నీవో? అని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట రెండు చేతులు జోడించి తల ఊపెను.

కాలువకు నీరు విడిచిన తరువాత వచ్చు రెండవ ఆదివారమున బాప్తిస్మమిత్తుము. త్రియేక దేవుని నామమును ఆమె కన్నులకు ఎట్లు చెప్పవలెనో ఇప్పుడు కుదుర్చుకొనుచున్నాము. తండ్రికిని కుమారునికిని ఆమె చేతులలో ముందే గురుతులున్నవి. పరిశుద్ధాత్మ విషయమున మేము పావురమును చూపితిమి. ఆమె కాదని తల ఊపి, తల్లి అరచేతిని తీసికొని, తన ముక్కు దగ్గర ఉంచుకొని, మెల్లగా ఊపిరి విడిచెను. ఆ గురుతునే వాడుదుము.